బండి కింద ఉక్కు: శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో కమాను కట్టల చరిత్ర

సరుకు మోసే బండి పెట్టెకూ, చక్రాల ఇరుసుకూ నడుమ ఉండే ఉక్కు పట్టీల దొంతర కమాను కట్ట. పొడవు తగ్గించుకుంటూ ఒకదాని కింద ఒకటి పేర్చిన వంపు పట్టీలను మధ్యలో సెంటర్ బోల్టు కలిపి ఉంచుతుంది. ఆ దొంతరను యూ బోల్టులు ఇరుసుకు బిగించి పడతాయి. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీకి రెండు కొసలా చుట్టిన కన్నులుంటాయి. ఒక కన్ను పిన్నుతో ఛాసిస్‌కు బిగుసుకుంటుంది. రెండోది ఊగే షాకిల్‌కు తగులుకుంటుంది. బరువు పడినప్పుడు కమాను సాగి పొడవవుతుంది కాబట్టి రెండో కొసకు ఆ వెసులుబాటు కావాలి. లారీ అయినా, జీపు అయినా, నేటి పికప్ అయినా ఈ ఏర్పాటులో మౌలికంగా తేడా లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఈ కట్టకు పని ఎక్కువ. సముద్రతీరం నుంచి తూర్పు కనుమల పాదం దాకా గట్టిగా వంద కిలోమీటర్లు ఉండదు. ఆ కాస్త దూరంలోనే ఇసుక నేలలు, వంశధార, నాగావళి, సువర్ణముఖి, చంపావతి ఏటి పాయలు, ఎర్రమట్టి దారులు, ఆ తర్వాత ఘాట్ రోడ్లు వస్తాయి. కింద ఉప్పు, చేప, కొబ్బరి, బియ్యం. పైన చింతపండు, కొండ చీపుర్లు, అనాస, కలప. పైకీ కిందికీ సరుకు తిరుగుతూనే ఉంది. మోసే బండి యజమాని చేతిలో మాత్రం ఎప్పుడూ డబ్బు తక్కువే. కొత్త బండి కొనలేనివాడు ఉన్న బండినే గట్టిపరచుకోవడం ఇక్కడ శతాబ్దం దాటిన అలవాటు. దానిని నిలబెట్టింది కొలిమి.

స్ప్రింగు లేని కాలం

బండి దారులు పడకముందు మన్యానికి ఉప్పు ఎద్దుల వీపుల మీద వెళ్లేది. లంబాడీ బిడారులు తీరంలో ఉప్పు నింపుకొని జయపురం, బస్తరు వైపు ఎక్కి, తిరుగుదారిలో ధాన్యం, అటవీ సరుకు దించేవి. ఎద్దు ఎక్కగలిగిన చోటికల్లా సరుకు వెళ్లేది కాబట్టి ఆ వ్యాపారానికి రోడ్డుతో పెద్దగా పని లేదు.

మైదానంలో నాటుబండి రాజ్యమేలింది. దానికి స్ప్రింగు అన్న మాటే లేదు. బండి పెట్టె ఇరుసు మీదే కూర్చునేది. గోతిలో పడ్డ ప్రతి దెబ్బా చక్రం నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి నొగలకు, నొగల నుంచి కాడి కింద ఎద్దు మెడకు చేరేది. జోడెడ్లు లాగే సరుకు, దారిని బట్టి, అర టన్ను నుంచి టన్ను వరకు. దెబ్బ తట్టుకునే పనంతా కర్రదే. చక్రంలోని కుండ, ఆకులు, పూటీలు అన్నీ విడివిడి చెక్కలు కావడం వల్ల కుదుపుకు అతుకుల దగ్గర కాస్త కదలిక ఉండేది. ఆ కదలికే చక్రాన్ని పగలకుండా కాపాడేది, అతుకులను వదులు చేసేదీ అదే.

వదులైన చక్రాన్ని బిగించే ఉపాయం ఇనుప పట్టా. చక్రం చుట్టుకొలత కన్నా కాస్త చిన్నదిగా పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్లు పోసేవారు. చల్లారిన ఇనుము ముడుచుకొని పూటీలనూ ఆకులనూ కుండలోకి నొక్కి పట్టేది. ఎంత చిన్నది చేయాలి, ఎంత కాల్చాలి అన్నది కమ్మరి కంటి లెక్క. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది, ఎక్కువ బిగిస్తే చక్రం వంకరపోతుంది. ఈ మూడు తెలిసిన చేతులే తర్వాతి తరంలో కమాను పట్టీలను పట్టుకున్నాయి.

జట్కాలు, రైళ్లు, తొలి లారీలు

పట్టీలు పేర్చిన ఉక్కు స్ప్రింగు ఐరోపా గుర్రపు బండ్లలో పెరిగింది. 19వ శతాబ్దం తొలి దశకంలో లండన్‌లో ఒబదయా ఇలియట్ రెండు కమానులను ఎదురెదురుగా కలిపిన అండాకారపు స్ప్రింగుకు పేటెంట్ పొందాడు. దాంతో బండికి బరువైన అడుగు దూలం లేకుండానే పెట్టెను స్ప్రింగుల మీద నిలపడం వీలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లోకి ఆ పద్ధతి కోచి బండ్లతోనూ, వాటికి పేద చుట్టమైన జట్కాతోనూ దిగింది. విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానపు ఊళ్లలో జమీందారీ వాహనాలకు, స్టేషను దగ్గర నిలిచే జట్కాలకు కమానులు ఉండేవి. పట్టీ విరిగితే ఇంగ్లండు నుంచి తెప్పించే పని లేదు. ఊరి కమ్మరి దగ్గరకే వెళ్లేది.

1890లలో ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం పడింది. అదే దశాబ్దంలో విజయనగరం ప్రాంతపు గర్భాం వైపు మాంగనీసు తవ్వకాలు మొదలై, గని నుంచి స్టేషనుకు బండ్ల రవాణా పెరిగింది. 1900లో పర్లాకిమిడి రాజా నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు సాగిన రైలు మార్గం 1931 నాటికి రాయపూర్ దాకా కలిసింది. బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక శాఖ పడింది. సాలూరు దాటితే కొండ. అక్కడి నుంచి పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు ఉంది. కోరాపుట్, జయపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనివే కాబట్టి వాటికి సరుకు, ఉద్యోగులు, టపా అన్నీ ఈ దారినే వెళ్లేవి. రైలు ఆగిపోయిన చోట మొదలయ్యే రోడ్డు సాలూరును రవాణా ఊరిగా మార్చింది.

తొలి లారీలు, బస్సులు విదేశీ బండ్లే. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో విడిభాగాలు కలిపి షెవర్లే బండ్లు తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై, బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లు దేశమంతటా పౌరుల చేతికి వచ్చాయి. ఇవన్నీ గట్టి కమాను కట్టల మీద నడిచేవే. 1953లో దేశంలోనే దశలవారీగా తయారీ చేపట్టే సంస్థలకు మాత్రమే మోటారు పరిశ్రమలో చోటు అని ప్రభుత్వం తేల్చింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ తప్పుకున్నాయి. వాటి బండ్లు మాత్రం రోడ్ల మీదే మిగిలాయి. కంపెనీ వెళ్లిపోయిన బండికి సామాను దొరకదు. విరిగిన పట్టీకి బదులు మరో బండి పట్టీని కోసి, వంచి, రంధ్రం వేసి అమర్చక తప్పలేదు. తర్వాతి కాలపు చౌక మరమ్మతులకు ఇదే పాఠశాల.

సాలూరు ఘాటు, లారీల ఊరు

టాటా సంస్థ 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. ఆ కాలం నుంచే కొండమీద పనులు పెరుగుతూ వచ్చాయి. 1958లో తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం కోరాపుట్, బస్తరు ప్రాంతాల్లో దండకారణ్య పథకం మొదలైంది. 1960లలో సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం వచ్చింది. 1981లో ఏర్పడిన నాల్కో దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టింది. సిమెంటు, ఇనుము, యంత్రాలు, తిండిగింజలు పైకి వెళ్లాలి. విజయనగరం నుంచి సాలూరు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ చేరే దారి అప్పటి 43వ నంబరు జాతీయ రహదారి. నేడు విజయనగరం నుంచి కోరాపుట్ దాకా ఉన్న భాగం 26వ నంబరు రహదారిలో ఉంది.

ఈ దారి మీదే సాలూరు లారీ యజమానుల పట్టణంగా ఎదిగింది. లారీల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ తర్వాత సాలూరే అని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. లారీ ఉన్నచోట బాడీ కట్టే వడ్రంగులు, టైర్ల కొట్లు, వెల్డింగు షెడ్లు, రంగులేసేవారు, వీటి సరసన కమాను కట్టల పనివారు చేరారు. పి.కోనవలస దగ్గర మొదలయ్యే ఘాటు కట్టల మీద రెండు రకాల భారం వేస్తుంది. ఎక్కేటప్పుడు బరువు వెనకకు ఒరిగి వెనక కట్టలు నలుగుతాయి. దిగేటప్పుడు బ్రేకు పడ్డ ప్రతిసారీ బరువు ముందుకు ఉరికి ముందు కట్టలు కుంగుతాయి. మలుపుల్లో బయటి వైపు కట్ట లోపలి కట్టకన్నా ఎక్కువ మోస్తుంది. కొంతకాలానికి ఒకవైపు కట్ట వంపు పోగొట్టుకొని, బండి పక్కకు వాలి నడుస్తుంది. ఖాళీగా నిలిపిన లారీ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆ బండి ఎక్కువగా ఏ దారిన తిరిగిందో పనివాడు చూపుతోనే గ్రహించగలడు.

కొలిమి పద్ధతి

కమాను పట్టీకి వాడేది మామూలు ఇనుము కాదు. సిలికాను, మాంగనీసు కలిపిన ఉక్కు, లేదా క్రోమియం కలిపిన ఉక్కు. వంచితే తిరిగి యథాస్థితికి రావడం దాని గుణం. ఆ గుణం సగం ఉక్కులో ఉంటే, సగం దాన్ని కాల్చి చల్లార్చిన తీరులో ఉంటుంది. కర్మాగారంలో పట్టీని సుమారు 850 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వేడికి తెచ్చి, వంపు తిప్పి, నూనెలో ముంచుతారు. అప్పుడు అది గాజులా గట్టిపడి పెళుసవుతుంది. మళ్లీ నాలుగైదు వందల డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే పెళుసు తగ్గి, స్ప్రింగు గుణం నిలుస్తుంది. చివరగా చిన్న ఉక్కు గుండ్లను పట్టీ మీదకు వేగంగా చిమ్మి పైపొరను బిగుతుగా చేస్తారు. పగుళ్లు పైపొర నుంచే పుడతాయి కాబట్టి అది కట్ట ఆయుష్షును పెంచుతుంది.

చిన్న ఊరి కొలిమిలో ఇవన్నీ కుదరవు. ఉష్ణమాపకం లేదు, నూనె తొట్టి ఉంటే ఉంది. వేడిని రంగుతో కొలుస్తారు. ఎరుపు నారింజకు తిరిగే హద్దును గుర్తుపట్టడంలోనే నైపుణ్యం ఉంది. ఎండలో ఆ రంగు సరిగా తెలియదు కాబట్టి కొలిమి నీడలోనే ఉండాలి. మరమ్మతుల్లో ఎక్కువ భాగం అసలు కాల్చకుండానే జరుగుతుంది. కట్ట విప్పి, ఒక్కో పట్టీని దాగలి మీద రెండు ఆనికల మధ్య పెట్టి, సమ్మెటతో వరుసగా దెబ్బలు కొట్టి పోయిన వంపు రప్పిస్తారు. దెబ్బలు దగ్గర దగ్గరగా, ఒకే బలంతో పడాలి. ఒకచోట గట్టిగా పడితే అక్కడే మెలిక తేలి, రేపు అక్కడే విరుగుతుంది. కొత్తగా తిప్పిన వంపు కొంతకాలమే నిలుస్తుంది. కాల్చని పట్టీ మెల్లగా పాత స్థితికి దిగిపోతుంది. అయినా కొత్త కట్ట ధరతో పోల్చితే ఆ ఖర్చు చాలా తక్కువ కాబట్టి ఆ పని ఎప్పుడూ ఆగలేదు.

విరిగిన పట్టీ ఏనాడూ వృథా కాలేదు. లారీ పట్టీ ఉక్కు పదును బాగా నిలుపుకొంటుంది. కొబ్బరి బోండాలు కొట్టే కత్తులు, పొలం కొడవళ్లు, గొడ్డళ్లు, ఉలులు చేయడానికి పల్లె కమ్మరులు తుక్కు కొట్లలో కమాను ముక్కల కోసమే వెతుకుతారు. ఉద్దానం కొబ్బరి తోటల్లో కాయ కొట్టే కత్తి ఒకప్పుడు రహదారి మీద లారీని మోసిన పట్టీ అయివుండవచ్చు. బండి కట్ట కొలిమిని బతికించింది, కొలిమి బండిని నడిపించింది. ట్రాక్టరు వచ్చి నాగలి పని తగ్గాక కూడా కొన్ని కమ్మరి కుటుంబాల చేతికి పని మిగలడానికి ఈ మార్పిడే కారణం.

జీపు నుంచి పికప్‌కు

ఆర్టీసీ 1958లో ఏర్పడినా, మన్యం గూడేలకూ ఏటి అవతలి ఊళ్లకూ బస్సు చేరేది కాదు. 1980ల నుంచి ఆ ఖాళీని ట్రెక్కర్లు, కమాండర్ జీపులు నింపాయి. సంత రోజు జీపులో మనుషులు కిక్కిరిసి, పైన మూటలు, వెనక కోళ్ల గంపలు. పది మందికి చేసిన బండి అంతకు రెట్టింపు మందిని మోయాలంటే వెనక కట్టకు అదనపు పట్టీ తప్పనిసరి అయింది. చిన్న బండి మీద లారీ పని చేయించే పద్ధతి ఇక్కడ జీపుతోనే బలపడింది.

చిన్న సరుకు బండ్లు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చాయి. జపాను సంస్థల భాగస్వామ్యంతో నాలుగు తేలిక లారీల కంపెనీలు పుట్టాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ తెలుగు నేల మీద, జహీరాబాద్‌లో తయారయ్యేది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. 1986లో టాటా 407 వచ్చింది. 1988లో టాటామొబైల్ వచ్చింది. అదే తర్వాత 207గా మారింది. 2000 తర్వాత మహీంద్రా బొలెరో పికప్ పల్లెల్లోకి దిగింది. అన్నిటికన్నా పెద్ద మార్పు 2005 మే నెలలో వచ్చిన టాటా ఏస్. 702 సీసీల రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పావు టన్ను మోత, నాలుగు చక్రాలు. ఆటో కొనేవాడు కొంచెం సాహసిస్తే అందుకోగల ధర. జనం దాన్ని ‘చోటా హాథీ’ అన్నారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ ఆ బాటలో వచ్చాయి.

2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వల్ల పల్లె దారులు నల్లబడ్డాయి. చెన్నై, కోల్‌కతా రహదారి నాలుగు వరుసలైంది. కవిటి, సోంపేట కొబ్బరి, పలాస జీడి, సీతంపేట అనాస, భావనపాడు తీరపు చేప, రాజాం, బొబ్బిలి జనపనార, టెక్కలి రాయి: ఏ సరుకైనా చిన్న బండిలో ఇంటి గుమ్మం నుంచి బజారుకు నేరుగా చేరడం మొదలైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలను కూల్చినప్పుడు పడిపోయిన కొబ్బరి మానులను తరలించడం కూడా ఈ ప్రాంతపు వాహనాలకు పెద్ద పనైంది.

కిస్తీల మీద కొన్న పికప్‌కు ప్రతి ట్రిప్పూ లెక్కే. ముప్పావు టన్ను బండిలో టన్నున్నర వేస్తే ట్రిప్పుకు సగం డీజిలు మిగులుతుందన్న ఆశ ఉంటుంది. కట్టలు ఆ ఆశను మోయలేక కుంగుతాయి. అప్పుడు కట్టల షాపు గుర్తొస్తుంది.

తక్కువ ఖర్చులో గట్టిపరచే దారులు

షాపులో మొదట చేసేది పాత దానికే ప్రాణం పోయడం. అరిగిన బుష్‌లు, పిన్నులు, షాకిళ్లు మార్చి, విరిగిన సెంటర్ బోల్టు తీసి కొత్తది వేసి, యూ బోల్టులు సరైన బిగువుకు తెచ్చి, పట్టీల నడుమ తుప్పు గోకి గ్రీసు పూస్తారు. చాలా బండ్లకు అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. యూ బోల్టు వదులైతే కట్ట మధ్యలో కదిలి సెంటర్ బోల్టు తెగుతుంది. ఇరుసు పక్కకు జరిగి బండి కొంచెం వంకరగా నడుస్తుంది, టైర్లు ఒక పక్కనే అరుగుతాయి. దీనికి పట్టీ చేర్చినా లాభం లేదు. ఆడని షాక్ అబ్సార్బరు కూడా ఇలాంటిదే. కుదుపు తర్వాత ఊగడాన్ని ఆపేది అదే కాబట్టి, అది పాడైతే బలమైన కట్ట కూడా బండిని ఎగరేస్తుంది.

రెండో మెట్టు ఒక పట్టీ చేర్చడం. కమాను కట్ట గట్టితనం పట్టీల సంఖ్యకు నేరుగా, పట్టీ మందం ఘనానికి నేరుగా, కట్ట పొడవు ఘనానికి విలోమంగా ఉంటుంది. ఒకే కొలతలో ఐదు పట్టీలున్న కట్టకు ఆరోది చేర్చితే గట్టితనం సుమారు 20 శాతం పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు అదే వెడల్పు, పొడవుతో 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క పట్టీ గట్టితనం 2.37 రెట్లు అవుతుంది. తుక్కులో దొరికే మందమైన లారీ పట్టీ ముక్క చిన్న బండి కట్టను ఎందుకు ఒక్కసారిగా రాయిలా మారుస్తుందో ఈ లెక్కలో ఉంది. అనుభవం ఉన్న పనివాడు అసలు పట్టీల మందానికి దగ్గరగా ఉన్నదే ఎంచుతాడు. పక్క పట్టీ వంపుతో సరిపోయేలా తిప్పుతాడు. వంపు కలవకపోతే రెండు పట్టీల మధ్య బరువు ఒకే చోట తగిలి, పగులు అక్కడే మొదలవుతుంది.

మూడోది హెల్పర్ పట్టీ. ఖాళీ బండిలో ఇది పని చేయదు, ఆనికకు కొంత ఎడంగా ఉంటుంది. బరువు పడి కట్ట కుంగినప్పుడు కొసలు ఛాసిస్ ఆనికలకు తగిలి సాయానికి వస్తుంది. ఖాళీ తిరుగుదారిలో బండి మెత్తగా, సరుకుతో గట్టిగా నడవాలంటే ఇదే మంచి పద్ధతి. లారీల్లో కర్మాగారం నుంచే ఉండే ఈ ఏర్పాటును పికప్‌లకు షాపుల్లో దించుకున్నారు. కట్టకూ ఛాసిస్‌కూ నడుమ రబ్బరు దిమ్మ పెట్టడం మరో చౌక మార్గం. ఇరుసు మీద దిమ్మ పెట్టి బండిని ఎత్తు చేయడం కనబడినంత మేలు కాదు. బ్రేకు వేసినప్పుడు కట్ట మెలిపడే బలం పెరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి.

షాపుల్లో నిషిద్ధంగా చూసేది వెల్డింగు. విరిగిన పట్టీని అతికితే ఆ చుట్టూ ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. మెయిన్ పట్టీ విషయంలో అది ప్రాణాపాయం. ఆ పట్టీ కన్ను తెగితే ఇరుసుకు ఒక పక్క పట్టే ఉండదు.

పట్టీ మోయలేని బరువు

కట్ట గట్టిపడితే బండి ఎక్కువ మోస్తుందన్న నమ్మకం ఈ వ్యాపారమంత పాతది. నిజానికి మోత సామర్థ్యాన్ని తేల్చేది కట్ట ఒక్కటే కాదు. ఇరుసు గొట్టం, హబ్ బేరింగులు, ఛాసిస్ అడ్డ దూలాలు, రిమ్ములు, టైర్లు, బ్రేకులు, క్లచ్చి అన్నీ ఒకే బరువుకు లెక్క కట్టినవి. వాటిలో కట్ట మాత్రమే కంటికి కుంగి చూపిస్తుంది. దాన్ని గట్టిపరిస్తే హెచ్చరిక ఇచ్చే భాగం మౌనం వహిస్తుంది. బరువు ఎక్కడికీ పోదు, ఛాసిస్ పగుళ్లుగానో, బేరింగు శబ్దంగానో, ఘాటు దిగువలో పట్టు కోల్పోయిన బ్రేకుగానో బయటపడుతుంది.

బ్రేకు విషయంలో మరో సూక్ష్మం ఉంది. చాలా సరుకు బండ్లలో వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు ఒత్తిడిని ఒక వాల్వు నిర్ణయిస్తుంది. అది బరువును నేరుగా తూచదు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎడం ఎంత తగ్గిందో చూసి బరువు అంచనా వేస్తుంది. అదనపు పట్టీతో కట్ట కుంగకపోతే బండి ఖాళీగా ఉందనుకొని వెనక బ్రేకును తగ్గిస్తుంది. నిండు బరువుతో ఘాటు దిగే బండికి అది ప్రమాదం. కట్ట మార్చినప్పుడు ఆ వాల్వు అమరికను కూడా సరిచేయించాలి.

సరుకుకూ నష్టమే. బిగుసుకుపోయిన కట్ట ఖాళీ బండిని, తక్కువ బరువున్న బండిని గట్టిగా కుదుపుతుంది. ఇటుకలు, ఇసుక మోసేవాడికి అది పట్టదు. టమాటా, గుడ్లు, ఐసు పెట్టెల్లో చేప మోసేవాడికి చిట్లిన సరుకు రూపంలో తెలుస్తుంది. అందుకే ఒకే మోడలు బండికి కూడా సరుకును బట్టి వేరు వేరు కట్టలు వేయడం కట్టల షాపుల అలవాటు.

చట్టం పట్టు

మోటారు బండి బరువుకు హద్దు పెట్టడం 1939 మోటారు వాహనాల చట్టం నాటి నుంచీ ఉంది. 1988 చట్టంలోని 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణలు జరిమానాలు పెంచాయి. అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల వరకు జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మరోవైపు 2018 జూలైలో కేంద్రం ఇరుసుల మీద అనుమతించే బరువును పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్న హద్దు 11.5 టన్నులైంది. దేశంలోని బండ్లు చాలాకాలంగా ఎక్కువ మోస్తూనే ఉన్నాయన్న వాస్తవాన్ని చట్టం కొంతవరకు ఒప్పుకుంది. ఫిట్‌నెస్ తనిఖీ సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా జరుగుతుంది. పాడైన పట్టీకి బదులు అదే కొలత పట్టీ వేయడం, బుష్‌లు, షాక్‌లు మార్చడం మరమ్మతే. మోత పెంచే ఉద్దేశంతో కట్టను మార్చడం వేరు. కట్టల షాపులో రెండూ ఒకే సమ్మెట కింద జరుగుతాయి, చట్టం దృష్టిలో మాత్రం అవి రెండు వేర్వేరు పనులు.

పారాబోలిక్ పట్టీల రాక

కొత్త తరం బండ్లతో ఈ వృత్తి మళ్లీ మలుపు తీసుకుంది. టాటా ఏస్ ముందు కట్టలు పారాబోలిక్ పట్టీలవి, వెనకవి పాత పద్ధతి కమానులు. పారాబోలిక్ పట్టీ మధ్యలో మందంగా ఉండి కొసలకు పలచబడుతుంది. రెండు మూడు పట్టీలే చాలు. వాటి మధ్య కొసల్లో తప్ప రాపిడి ఉండదు కాబట్టి బండి మెత్తగా నడుస్తుంది, కట్ట బరువు తగ్గుతుంది. తేలికైన కట్ట అంటే అదనంగా సరుకు, తక్కువ డీజిలు. యమునానగర్‌లోని జామ్నా ఆటో వంటి పెద్ద తయారీదారులు బండ్ల కంపెనీలకు వీటిని నేరుగా అందిస్తున్నారు.

ఇలాంటి పట్టీని కొలిమిలో చేయడం సాధ్యం కాదు. మందం కొస దాకా ఒక క్రమంలో తగ్గాలంటే వేడి రోలింగు యంత్రం కావాలి. సమ్మెటతో వంపు తిప్పితే ఆ క్రమం చెడుతుంది. ఒక్క పట్టీ విరిగినా జత మొత్తం మార్చడమే సరైన మార్గం. కొత్త బండ్లు కొలిమి కన్నా సామాన్ల కొట్టు వైపు ఎక్కువగా వెళ్తున్నాయి. షాపుల్లో గ్యాసు మంట, హైడ్రాలిక్ ప్రెస్సు, కర్మాగారపు పట్టీల నిల్వ చేరాయి. సమ్మెట పని వెనక కట్టలకు, పాత లారీలకు, ట్రాక్టరు ట్రక్కులకు మిగిలింది. ట్రక్కుల కింద ఇంకా కాలం చెల్లిన లారీ ఇరుసులు, వాటి కట్టలే నడుస్తున్నాయి కాబట్టి పల్లెల దగ్గర ఆ పని ఇప్పట్లో ఆగేది కాదు.

ఈ మార్పులన్నిటి నుంచీ తేలే క్రమం ఒకటే. తక్కువ ఖర్చులో పికప్‌ను గట్టిపరచాలనుకునే యజమాని మొదట బుష్‌లు, బోల్టులు, షాక్ అబ్సార్బర్లు, టైర్ల గాలి చూసుకోవాలి. తర్వాత దిగిపోయిన కట్టకు బదులు అసలు కొలత కట్ట వేయాలి. అప్పటికీ చాలకపోతే హెల్పర్ పట్టీ గురించి ఆలోచించాలి. అది కూడా రిజిస్ట్రేషను పత్రంలో రాసిన బరువు లోపలే పనికొస్తుంది. ఆ హద్దు దాటి మోసే అవసరం రోజూ ఉంటే, పెద్ద బండి కొనడం కన్నా చౌక మార్గం లేదు.